మేనకోడలి పెళ్లికి నేను కాచిన సెంటు

నన్ను మా కాలేజీ పిల్లలు సెంటు మాస్టారు అంటారు. నా ముందు అనరు గానీ, ముప్పై ఏళ్లుగా బందరులో కెమిస్ట్రీ చెబుతున్నవాడికి వెనక బెంచీలో ఏమనుకుంటున్నారో తెలియకుండా ఉంటుందా? నేను వరండా మలుపు తిరగకముందే నా సెంటు క్లాసులోకి వెళ్లిపోతుందట. సెల్‌ఫోన్లు దాచుకోవడానికి వాళ్లకు బోలెడంత టైము దొరుకుతుందట. ఒక పాత విద్యార్థి ఈ మధ్యే ఈ రహస్యం చెప్పాడు. నేనేమీ నొచ్చుకోలేదు. మనిషి వచ్చాడని నలుగురికీ తెలియాలి కదా అనుకున్నాను.

ఆ బుద్ధే మా అక్క కూతురి నిశ్చితార్థంలో నా కొంప ముంచింది.

మా అక్కా బావా ఉండేది గుడివాడలో. వాళ్లకి ఒక్కతే కూతురు, అక్కడే బ్యాంకులో పని చేస్తోంది. ఆ పిల్లకి చిన్నప్పటి నుంచీ ఘాటైన వాసనలు పడవు. ఎవరైనా అగరొత్తి వెలిగిస్తే చాలు, తలలో ఒక పక్క నొప్పి మొదలవుతుంది, కాసేపటికి వాంతులు. బ్యాంకులో ఎవరైనా సెంటు కొట్టుకుని కౌంటరు దగ్గరికి వస్తే ఊపిరి బిగబట్టి పని చేసి పంపేస్తుంది. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసి తెలిసీ చేశాను కాబట్టే ఈ కథ రాయాల్సి వస్తోంది.

నిశ్చితార్థం జ్యేష్ఠంలో. మల్లెపూల జడ ఆర్డరిచ్చారు. అది పొద్దున్నే ఐసు పెట్టెలో వచ్చింది. చూడటానికి ముత్యాలు గుచ్చినట్టు ఉంది, ముక్కు ఆనించి చూసినా వాసన మాత్రం లేదు. మా అక్క దిగులు పడిపోయింది.

"మల్లెల జడకి మల్లె వాసనే లేకపోతే ఎలారా? అవతల వాళ్లు కాగితం పూలనుకుంటారు" అంది.

నా జేబులో ఒక సీసా ఉంది. గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్న శిష్యుడొకడు తెచ్చి ఇచ్చాడు. దాని మీద మల్లెపువ్వు బొమ్మ ఉంది. పువ్వుకి పువ్వు వాసనే కదా పెడుతున్నాను, ఇందులో తప్పేముంది అనుకున్నాను. ఎవరూ చూడకుండా జడ వెనక వైపు మూడుసార్లు కొట్టాను. మనసు నిండక నాలుగోసారి కూడా కొట్టాను.

లగ్నపత్రిక చదువుతుండగా పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లేచి పరుగెత్తింది. ఇక ఆ పూట గదిలో దీపం తీసేసి పడుకోవడమే. తాంబూలాలు ఆమె లేకుండానే మార్చుకున్నారు. ఉంగరం సాయంత్రం తొడిగారు, అదీ ఆమె గోడకి ఆనుకుని కూర్చుంటే. పెళ్లికొడుకు మంచివాడు, నిమ్మకాయ సోడా తెచ్చి ఇచ్చి పక్కన కూర్చున్నాడు. అతని పెద్దమ్మగారు మాత్రం మా అక్కని అందరిలోనూ అడిగేసింది.

"అమ్మాయికి ఏమైనా జబ్బుందా అండీ? ఉంటే ముందే చెప్పండి, మేమేమీ అనుకోం."

మా అక్క ముఖం చూడలేకపోయాను. ఇంతలో ఎవరో "ఎవరో సెంటు కొట్టుకుని వచ్చుంటారు లెండి, దానికి పడదు" అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను జేబు తడుముకున్నాను. నోరు మాత్రం విప్పలేదు.

సాయంత్రం అందరూ వెళ్లాక పిల్ల నన్ను గదిలోకి పిలిచింది. నుదుటి మీద తడిగుడ్డ వేసుకుని పడుకుని ఉంది.

"మావయ్యా, జడకి కొట్టింది నువ్వే కదా?"

"ఎలా తెలుసు?"

"నీ సెంటు నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? చిన్నప్పుడు నువ్వు పండక్కి వస్తున్నావంటే నేను ముందే మాత్ర వేసుకునేదాన్ని."

నవ్వుతూనే అంది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. నేను వచ్చానని అందరికీ తెలియాలని కదా ఇన్నాళ్లూ అనుకున్నాను. ఈ పిల్లకి అలా తెలుస్తోందని ఏనాడూ అనుకోలేదు.

"పెళ్లికి నన్ను బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చేది నువ్వేనా?" అని అడిగింది.

"నేను కాక ఇంకెవరు? మేనమామని. ఆ హక్కు నాది."

"అయితే నేను నడిచి వస్తాను."

మా వైపు పెళ్లికూతురిని వెదురు బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు ఎత్తుకుని రావాలి. ఆ పిల్లకి సొంత మేనమామని నేనొక్కడినే. ఆమె పుట్టిన రోజు నుంచీ ఆ బుట్ట మొయ్యడం కోసం ఎదురుచూస్తున్నవాణ్ణి.

"సెంటు మానేస్తానే. ఈ రోజు నుంచే మానేస్తాను."

"నువ్వు మానేస్తే సరిపోదు మావయ్యా" అని లేచి కూర్చుంది. "అందరూ పెళ్లి వాసన, పెళ్లి వాసన అంటారు. పూలూ, పన్నీరూ, గంధం అని మురిసిపోతారు. నాకు ఏ పెళ్లి తలుచుకున్నా గుర్తొచ్చేది తలనొప్పే. నా పెళ్లి గుర్తు పెట్టుకోవడానికి నాకూ ఒక వాసన కావాలి. కెమిస్ట్రీ మాస్టారివి కదా, నాకు నొప్పి రాని సెంటు ఒకటి చేసిపెట్టు. అప్పుడు బుట్ట ఎక్కుతాను."

పెళ్లి శ్రావణంలో. మధ్యలో ఆషాఢం అంతా ఖాళీ. చేస్తానని చెయ్యి కలిపాను.

తిరుగు బస్సులో పెడన దాటేసరికి నా మనసులో సిద్ధాంతం తయారైపోయింది. తప్పంతా కృత్రిమమైన సెంటుది. ఫ్యాక్టరీలో చేసిన మల్లెకీ, చెట్టున పూసిన మల్లెకీ పోలికే లేదు. సీసా సెంటు పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒకే మాట పదే పదే చెబుతుంది. పువ్వు అలా కాదు. మొగ్గగా ఉన్నప్పుడు ఒక వాసన, విచ్చుకున్నాక ఒకటి, వాడిపోయేటప్పుడు ఇంకొకటి. ఒక్క మల్లెపువ్వులో ఎన్ని పదార్థాలు కలిసి పని చేస్తాయో నేను ఏటా పిల్లలకి బోర్డు మీద రాసి చూపిస్తాను. సహజమైనది ఎవరికీ హాని చెయ్యదు. ఇంటికి వెళ్లగానే ఇదంతా మా ఆవిడకి ఉపన్యాసంలా చెప్పాను.

"ఉమ్మెత్తకాయ కూడా సహజమేగా అండీ?" అంది ఆవిడ, చింతపండు పిసుకుతూ.

ఆడవాళ్లతో సైన్సు మాట్లాడకూడదని పైకి అన్నాను గానీ, ఆ మాట ముల్లులా దిగింది.

మొదట మొగలిపువ్వుతో మొదలుపెట్టాను. దివిసీమలో సముద్రం దగ్గర పడేకొద్దీ కాలవగట్ల మీద మొగలి పొదలు ఉంటాయి. తొలకరి పడ్డాక పూస్తాయి. కోడూరు అవతల నా శిష్యుడొకడు రొయ్యల చెరువులు చేస్తున్నాడు. ఫోను చేస్తే పొద్దున్నే రమ్మన్నాడు, ఎండెక్కితే వాసన పోతుందట. నేను గట్టు మీద నిలబడ్డాను, వాడు దోటి పట్టుకుని పొదలోకి దిగాడు.

"మీరు అక్కడే ఉండండి మాస్టారండీ. ఈ పొదల్లో పాములుంటాయి. ఆకుల అంచులు కూడా రంపంలా కోస్తాయి."

"వాసనకి పాములు రావురా. పాముకి ఆ వాసనతో పనేముంది? పొద చల్లగా ఉంటుందని వస్తుంది."

"ఎందుకొచ్చినా కరుస్తుంది కదండీ" అన్నాడు వాడు.

ఆ రోజు తెలిసిన ముచ్చట ఏమిటంటే, మొగలిలో మగచెట్టు పువ్వుకే వాసన. వాడు ఆ మాట చెప్పేసరికి నేను కొంచెం గర్వపడ్డాను కూడా. పాలపిట్ట రంగు సంచీ నిండా పూలు కోసి ఇచ్చాడు. అవనిగడ్డ బస్సు ఎక్కితే, నా పక్క సీటు ఖాళీ అయినా ఎవరూ కూర్చోలేదు. ముందు సీటులో ముసలావిడ మాత్రం వెనక్కి తిరిగి, "ఒక్క రేకు ఇవ్వు నాయనా, చీరల పెట్టెలో వేసుకుంటాను" అని అడిగి తీసుకుంది.

అవనిగడ్డలో బస్సు ఆగింది. పెళ్లికొడుకు వాళ్ల ఇల్లు అక్కడే. నేను బందరు వెళ్లిపోవచ్చు. కానీ ఆ పెద్దమ్మగారి ప్రశ్న నన్ను నిశ్చితార్థం నాటి నుంచీ తినేస్తోంది. మా అక్క ఆ తర్వాత రెండు వారాలు సరిగ్గా అన్నం తినలేదని బావ చెప్పాడు. దిగిపోయాను.

పెద్దమ్మగారు వరండాలోనే ఉన్నారు. కూర్చోమనేలోపే చెప్పేశాను.

"అమ్మాయికి ఏ జబ్బూ లేదండీ. ఘాటు వాసన పడదు, అంతే. ఆ రోజు జడకి సెంటు కొట్టింది నేను. తప్పు నాది."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. నా సంచీలోంచి వస్తున్న మొగలి వాసనకి అప్పటికే వీధిలో వాళ్లు తొంగి చూస్తున్నారు.

"ఇప్పుడు కూడా సెంటుతోనే వచ్చినట్టున్నారు" అంది. నవ్వింది. రెండు పూలు ఆవిడే తీసుకుని లోపల పెట్టించింది, నాకు కాఫీ ఇప్పించింది. నేను లేస్తుంటే మాత్రం ఇలా అంది. "మీ మాట కాదనను. కానీ మేనమామ కదా, మేనకోడలిని వెనకేసుకొస్తారు. పెళ్లినాడు పిల్ల పీటల మీద నిలకడగా కూర్చుంటే అప్పుడు నమ్ముతాను."

కాబట్టి పరీక్ష తేదీ ఖాయమైంది. ప్రశ్నపత్రం కూడా నాకు ముందే తెలిసిపోయింది.

ఇంటికొచ్చి కుక్కరు తీశాను. వెయిట్ తీసేసి, ఆవిరి వచ్చే గొట్టానికి రాగి గొట్టం తగిలించి, దాన్ని చన్నీళ్ల బకెట్‌లోంచి పోనిచ్చి చివర గ్లాసు పెట్టాను. మొగలి రేకులు నీళ్లలో వేసి సన్నని మంట మీద కాచాను. మొదటి చుక్క పడగానే నాకు ఒళ్లు ఝల్లుమంది. పువ్వు లోపలి మాటని బయటికి రప్పించినట్టు అనిపించింది. గంటకి గ్లాసుడు నీళ్లు వచ్చాయి. మా ఆవిడని పిలిచి చేతి మీద పూశాను.

ఆవిడ వాసన చూసింది. మళ్లీ చూసింది. "పప్పుచారు" అంది.

నిజమే. పన్నెండేళ్లుగా ఆ కుక్కరులో పప్పుచారు కాచి కాచి, మూతకి ఉండే రబ్బరులోకి ఇంగువ దిగిపోయి ఉంది. కెమిస్ట్రీ మాస్టారినై ఉండి రబ్బరు వాసన పట్టేస్తుందని నాకు తోచలేదు. పక్కింటి ఆవిడ గోడ మీంచి, "ఏమిటండీ, మొగలిపువ్వుతో చారు పెట్టారా?" అని అడిగింది. కొత్త కుక్కరు కొన్నాను. మా ఆవిడ దాన్ని చూడగానే వంటింట్లోకి తీసుకుపోయింది. మళ్లీ బతిమాలితే, మూతా రబ్బరూ మాత్రం కొత్తవి వాడుకోనిచ్చి, గిన్నె పాతదే తోమి ఇచ్చింది.

రెండోసారి వచ్చిన మొగలి నీరు అద్భుతంగా ఉంది. నేను ఇన్నేళ్లుగా పూసుకున్న సీసాలన్నీ దాని ముందు దిగదుడుపే. పొద్దున తియ్యగా, మధ్యాహ్నానికి పచ్చి ఆకులా, సాయంత్రానికి మెత్తగా మారింది. ఆదివారం సీసా పట్టుకుని గుడివాడ వెళ్లాను. తెల్లగుడ్డ పీలికలు చేసి, ఒకటి ముంచి, మేనకోడలి చేతికి కట్టి, గడియారం చూస్తూ ఎదురుగా కూర్చున్నాను. పరీక్షలో పిల్లల్ని కాపలా కాసినప్పుడు కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

పది నిమిషాలకి కనుబొమ్మలు దగ్గరికి వచ్చాయి. పావుగంటకి పీలిక విప్పేసి కిటికీ దగ్గరికి వెళ్లింది.

"వచ్చిందా?"

"వచ్చింది మావయ్యా. నువ్వు బాధపడకు. వాసన మంచిదే, నాకే పడలేదు."

నా సిద్ధాంతం ఆ కిటికీలోంచే పోయింది. తర్వాతి ఆదివారం సంపెంగ తీసుకెళ్లాను, ఇరవై నిమిషాలు నిలిచింది. ఆ తర్వాత మల్లె, చెట్టున కోసిన వెంటనే కాచింది. అదీ అంతే. మరువం అరగంట ఓర్చుకుంది, ఆ రోజు సాయంత్రమంతా పడుకుంది. సహజమైనదైనా కాకపోయినా, ఆ పిల్ల తలకి అదంతా పెద్ద గొంతుతో మాట్లాడే చుట్టమే అని అప్పుడు అర్థమైంది. ఆషాఢం అయిపోతోంది. నేను ఆమెకి మేలు చెయ్యబోయి వారం వారం నొప్పి తెప్పిస్తున్నాను. ఐదో ఆదివారం గుడివాడ బస్టాండులోంచే వెనక్కి వెళ్లిపోదామనిపించింది.

మా అక్క ఫోను చేసింది. "ఎక్కడున్నావురా? ఐరేని కుండలు చెప్పి రావాలి, నువ్వూ తోడు రా."

పెళ్లికి ముందు కుమ్మరి ఇంటి నుంచి కుండలు తెచ్చుకుంటాం. వాటికి సున్నం, పసుపు, కుంకుమతో గీతలు వేసి పెళ్లింట్లో పెడతారు. కుమ్మరాయన ఇల్లు ఊరి చివర. అక్క, నేను, మేనకోడలు వెళ్లాం. నేను సహజంగానే ఆయన పక్కన చేరి కుండలు కాల్చే ఆము ఎంత వేడెక్కుతుందో, మట్టిలో ఇసుక ఎంత కలుపుతారో అడుగుతున్నాను. ఆయన భార్య కుండలు కారతాయేమో చూడటానికి ఒక్కోదాంట్లో చెంబుడు నీళ్లు పోసి పక్కన పెడుతోంది.

తిరిగి చూస్తే మా పిల్ల నేల మీద గొంతుక్కూర్చుని, ఒక కొత్త కుండలోకి ముఖం మొత్తం పెట్టేసి ఉంది. కదలడం లేదు. ఒక్క ఉరుకులో పక్కకి వెళ్లాను.

"ఏమైందే? నొప్పా?"

తల పైకెత్తింది. ముక్కు చివర తడి మెరుస్తోంది. నేను ఈ మధ్యకాలంలో ఎప్పుడూ చూడనంత నవ్వు.

"మావయ్యా, ఇది చెయ్యి."

"ఇది సెంటు కాదే పిచ్చిదానా. మట్టి మీద నీళ్లు పడితే వచ్చే వాసన."

"నాకు కావలసింది ఇదే. ఎండాకాలం సెలవులకి బందరు మీ ఇంటికి వచ్చేదాన్ని కదా. తలనొప్పి వస్తే నీళ్ల కుండ పక్కన చాప వేసుకుని పడుకునేదాన్ని, గుర్తుందా?"

గుర్తుంది. చల్లదనం కోసం పడుకుంటోందని అనుకునేవాణ్ణి. ఆ కుండలో అత్తయ్య వట్టివేరు వేసేదనీ, కుండకి చెంప ఆనించి ఆ వాసన పీలుస్తూ నిద్రపోయేదాన్ననీ అప్పుడు చెప్పింది. ఎన్ని వాసనల గురించి నేను ఆ పిల్లకి ఉపన్యాసాలిచ్చానో లెక్కలేదు. నీకు ఏ వాసన ఇష్టమే అని ఈ ఇరవై ఏడేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. కుమ్మరాయన ముందే కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుపడలేదు.

మా అక్క పక్కనే ఉంది కాబట్టి మిగతాది కూడా చెప్పేశాను. "అక్కా, ఆ రోజు జడకి సెంటు కొట్టింది నేనే."

"నాకు ఆ రోజే తెలుసురా. తన బావమరిది బుద్ధి మీ బావకి కూడా తెలుసు. నీ అంతట నువ్వు చెబుతావని ఊరుకున్నాం" అని కుండలు తట్టి చూసుకుంటూ ఉండిపోయింది.

కుమ్మరాయన ఆములో పగిలిన కుండలు రెండు బుట్టలు ఇచ్చాడు. సెంటు చేస్తానంటే నమ్మలేదు, పునాదిలో వేసుకోవడానికి అడుగుతున్నాననుకున్నాడు. పెంకులు చిన్న ముక్కలుగా కొట్టి, నీళ్లు పోసి, కొత్త రబ్బరు పెట్టి కాచాను. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు బుట్టెడు పెంకులకి అరగ్లాసు నీళ్లు వచ్చాయి. అదీ వాసన ఉందో లేదో అన్నట్టుగా. రెండోసారి పెంకులతో పాటు గుప్పెడు వట్టివేరు వేశాను. ఈసారి గ్లాసు మీదికి వంగితే, ఎండలో నడిచి వచ్చి ఎవరింట్లోనో చెంబుతో నీళ్లు తాగుతున్నట్టు అనిపించింది. నిలవ ఉంచడానికి గంధం నూనెలో పట్టాలని పుస్తకాల్లో ఉంటుంది. ఆ గంధం కూడా పడదేమోనని ఉత్త నీళ్లుగానే ఉంచాను. మూడు రోజులు దాటితే వాసన పోతోంది. పోతే పోనీ, పెళ్లి ఒక్కరోజే కదా.

ఆదివారం పీలిక కట్టి గడియారం ముందు కూర్చున్నాను. పావుగంట గడిచింది. అరగంట. గంట దగ్గర పడుతుంటే పిల్ల కళ్లు మూసుకుంది. తల పక్కకి వాలింది. నేను కంగారుగా భుజం తట్టాను.

"నొప్పా అమ్మా?"

"నిద్రొస్తోంది మావయ్యా, లేపకు" అంది.

శ్రావణంలో పెళ్లి, పొద్దున పది దాటాక ముహూర్తం. ముందు రోజు మధ్యాహ్నం మా అక్క ఇంటి పెరట్లోనే కుక్కరు పెట్టి తాజాగా కాచి సీసాకి పట్టాను. పూలజడ కనకాంబరాలతో కట్టించాం, వాటికి వాసనే ఉండదు. నిశ్చితార్థానికి వాసన లేదని ఏడ్చిన మా అక్కే ఈసారి పూలు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "హమ్మయ్య, ఏమీ రావట్లేదు" అంది. ఫంక్షన్ హాలు గుమ్మంలో వచ్చినవాళ్ల మీద సెంటు జల్లు కొట్టే యంత్రం ఒకటి పెడతారు. మేనేజరుతో గొడవపడి దాని ప్లగ్గు పీకించాను. పొద్దున్నే వచ్చిన నా శిష్యులు, సెంటు మాస్టారు సెంటు ఆపించడమేమిటని నోళ్లు తెరుచుకుని చూశారు. నా మటుకు నేను సున్నిపిండితో స్నానం చేశాను. పంచె, ఉత్తరీయం మా ఆవిడ సబ్బు లేకుండా ఉత్త నీళ్లలో జాడించి ఆరేసింది. నలభై ఏళ్లలో మొదటిసారి ఏ వాసనా లేకుండా నలుగురిలోకి వచ్చాను. చొక్కా మర్చిపోయి వచ్చినట్టు ఉంది.

బుట్ట సిద్ధం చేసి పెళ్లికూతురి గదికి వెళ్లాను. పట్టుచీరలో కూర్చుని ఉంది. సీసా మూత తీసి చెవుల వెనక, మణికట్ల మీద రాసుకుంది. నా వైపు చూసింది.

"ఎక్కుతావా, నడుస్తావా?" అన్నాను.

దగ్గరికి వచ్చి నా భుజం దగ్గర వాసన చూసింది. "నువ్వేమీ పూసుకోలేదా?"

"లేదమ్మా."

"చెయ్యి ఇలా ఇవ్వు."

నా రెండు మణికట్ల మీద ఆ నీళ్లు రాసింది. ఉత్తరీయం కొసకి కూడా అద్దింది. నేను ఎంతమందికో సెంటు పూశాను, అడిగినా అడక్కపోయినా. ఒకరు నాకు పుయ్యడం అదే మొదలు. ఆ తర్వాత తనే బుట్టలోకి ఎక్కి కూర్చుంది. నేనూ, మా పిన్ని కొడుకులు ముగ్గురూ ఎత్తుకున్నాం. బరువుగానే ఉంది, నేను మాత్రం తేలిగ్గా ఉన్నట్టు నడిచాను.

పీటల మీద కూర్చున్నాక నా కళ్లు ఆ పిల్ల కనుబొమ్మల మీదే ఉన్నాయి. హోమం పొగ ఆమె వైపు రాకుండా పురోహితుల వారిని పీట జరపమని అడిగితే ఆయన విసుక్కుని జరిపారు. పెద్దమ్మగారు కూడా ఎదురు వరసలో కూర్చుని అటే చూస్తోంది. జీలకర్రా బెల్లం అయింది. మంగళసూత్రం అయింది. తలంబ్రాల దగ్గర పిల్ల దోసిలి నిండా తీసుకుని అతని తల మీద పోసి గట్టిగా నవ్వింది. మధ్య మధ్య మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకుంటోంది. పెద్దమ్మగారు నా వైపు చూసి తల ఊపింది.

అప్పుడు పిల్ల చెయ్యి ఊపి నన్ను పిలిచింది. ఇంతసేపు నిలిచి చివర్లో వచ్చిందా అనుకుంటూ మండపం ఎక్కి చెవి దగ్గర పెట్టాను.

"నొప్పా తల్లీ?"

"కాదు మావయ్యా, ఆకలి. కడుపులో దంచేస్తోంది. పులిహోర పట్రా."

ఏ పెళ్లిలోనూ ఆ పిల్ల మెతుకు ముట్టడం నేను చూడలేదు. భోజనాల హాలుకి పరుగెత్తాను. విస్తరాకు పట్టుకుని నిలబడ్డాను గానీ కళ్ల వెంట నీళ్లు ఆగడం లేదు. గరిటె పట్టుకున్న వంటాయన కంగారు పడిపోయాడు.

"ఏమైందండీ? ఏమైంది?"

"పెళ్లికూతురికి ఆకలేస్తోందటయ్యా" అన్నాను.